సీన్ పేపర్ లేని సినిమా ఎడిటింగ్ టేబుల్ మీద ఎలా నిలబడింది: స్పైనల్ ట్యాప్ కేస్ స్టడీ

ఇంప్రొవైజ్ చేసిన, అంటే డైలాగ్ రాసుకోకుండా నటులు అప్పటికప్పుడు అల్లిన ఫుటేజ్ పట్టుకుని ఎడిట్ సూట్‌కి వచ్చే డైరెక్టర్లు దాదాపు అందరూ ఒకే మాట చెప్తారు, సెట్లో అందరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం, నువ్వు కాస్త ట్రిమ్ చేసి ఇస్తే చాలు అని. తీరా రష్, అంటే కట్ చేయని ఫుటేజ్, వేసి చూస్తే నవ్వు కెమెరా వెనకాల నుంచి వినిపిస్తుంది గానీ ఫ్రేమ్‌లో ఏమీ ఉండదు. నటులు మంచోళ్ళే, మాటలూ బానే ఉన్నాయి, కానీ సీన్ ఎటూ పోదు. నేను డాక్యుమెంటరీలు, ఇంటర్వ్యూలు, అప్పుడప్పుడు ఉత్తుత్తి డాక్యుమెంటరీ టైపు కామెడీలు కట్ చేస్తుంటాను కాబట్టి ఈ బాధ బాగా తెలుసు. ఇలాంటి మెటీరియల్‌తో కుస్తీ పడుతున్నవాళ్ళకి నేను చూపించే కేసు ఒకటే, 1984లో వచ్చిన దిస్ ఈజ్ స్పైనల్ ట్యాప్. దీన్ని చాలామంది డైలాగుల కోసం గుర్తుపెట్టుకుంటారు, పదకొండు దాకా పోయే ఆంప్లిఫయర్ అనీ, బుల్లి స్టోన్‌హెంజ్ (ఇంగ్లండ్‌లో ఉన్న ప్రాచీన రాతి కట్టడం) అనీ. నాకు మాత్రం ఇది ఎడిటర్ల సినిమా. దీంట్లో ఏం ఉంచారు అన్నదాని కంటే ఏం ఎత్తేశారు అన్నదే ఎక్కువ నవ్విస్తుంది, ఈ రైటప్ అంతా దాని గురించే.

చూడనివాళ్ళ కోసం కథ: స్పైనల్ ట్యాప్ అనేది ఒకప్పుడు వెలిగిన బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండ్, నిజంగా లేదు, కల్పితం. 1982లో కొత్త ఆల్బమ్‌తో అమెరికా టూర్‌కి వస్తారు, వెంట మార్టీ డిబెర్గీ అనే డైరెక్టర్ కెమెరా పట్టుకుని తిరుగుతుంటాడు, మనం చూసేది ఆయన తీసిన డాక్యుమెంటరీ అన్నమాట. మార్టీగా వేసింది రాబ్ రైనర్, అసలు సినిమాకి డైరెక్టరూ ఆయనే, డైరెక్టర్‌గా మొదటి సినిమా కూడా. బ్యాండ్‌లో మెయిన్ ముగ్గురు, గిటారిస్ట్ నైజెల్‌గా క్రిస్టఫర్ గెస్ట్, సింగర్ డేవిడ్‌గా మైకేల్ మెక్‌కీన్, బాస్ వాయించే డెరెక్‌గా హ్యారీ షియరర్. పాటలు వీళ్ళే రాసుకున్నారు, వాయించిందీ పాడిందీ వీళ్ళే. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఎడిటింగ్‌లో దీని విలువ చాలా ఉంది, తర్వాత చెప్తా.

ఈ ముగ్గురూ రైనరూ కలిసి ఈ క్యారెక్టర్లని మొదట వేసింది 1979లో ఒక టీవీ స్కెచ్ ప్రోగ్రామ్‌లో. తర్వాత సినిమా చేద్దాం అనుకుని స్క్రిప్ట్ రాయడానికి ఒక కంపెనీ నుంచి 60 వేల డాలర్లు తీసుకున్నారు, కూర్చున్నాక అర్థమైంది ఇది పేపర్ మీద పెడితే చచ్చిపోయే సరుకని, ఆ డబ్బుతో స్క్రిప్ట్ బదులు 20 నిమిషాల డెమో ఫిల్మ్ తీసేశారు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే తెలివైన నిర్ణయం ఇదే. చదివి నవ్వని వాడు కూడా చూసి నవ్వుతాడు. అయినా స్టూడియోలు ఒకదాని తర్వాత ఒకటి వద్దన్నాయి, చివరికి నార్మన్ లియర్ చేతిలో ఉన్న ఎంబసీ పిక్చర్స్ ఓకే చేసింది. రైనర్ టీవీలో పేరు తెచ్చుకున్న ఆల్ ఇన్ ద ఫ్యామిలీ సీరియల్ ఈ లియర్‌దే, కాబట్టి మనిషి మీద నమ్మకం ముందే ఉంది.

షూటింగ్ దాదాపు 5 వారాలు, 16 ఎంఎం ఫిల్మ్, చేత్తో పట్టుకున్న కెమెరా. కెమెరామన్ పీటర్ స్మోక్లర్ డాక్యుమెంటరీల నుంచి వచ్చినవాడు, ఎవరు ఎప్పుడు ఏం మాట్లాడతారో తెలీకుండానే మనిషిని వెతుక్కుంటూ పోవడం ఆయనకి అలవాటు. టూర్ అమెరికా మొత్తం తిరిగినట్టు ఉంటుంది గానీ దాదాపు అంతా లాస్ ఏంజలెస్ చుట్టుపక్కలే తీశారు. ఒక కారిడార్, ఒక హోటల్ లాబీ, ఒక డ్రెస్సింగ్ రూమ్, మధ్యలో ఎవరో ఒకరు ఊరి పేరు అంటారు, అంతే, మనం నమ్మేస్తాం. టూర్‌లో ఉన్నవాళ్ళకి ఊళ్ళన్నీ లోపల నుంచి ఒకేలా కనిపిస్తాయి కదా, బడ్జెట్ లేకపోవడం ఇక్కడ కథకే పనికొచ్చింది.

ఇక అసలు కేసు. సీన్‌కి ఏం జరగాలో ముందే అనుకున్నారు, ఎవరి గతం ఏంటో, బ్యాండ్ చరిత్ర ఏంటో అంతా రాసిపెట్టుకున్నారు, కానీ డైలాగ్ అనేది ఒక్క లైనూ రాయలేదు, రిహార్సల్ లేదు. పదుల గంటల మెటీరియల్ పోగుపడింది. నాలుగున్నర గంటల వర్క్ ప్రింట్, అంటే పూర్తికాని కట్, ఒకటి తర్వాత దొంగ క్యాసెట్ల రూపంలో అభిమానుల మధ్య తిరిగింది. రిలీజ్ అయింది 82 నిమిషాలు. ఎడిటింగ్ టైటిల్స్‌లో రాబర్ట్ లైటన్, కెంట్ బేడా, కిమ్ సెక్రిస్ట్ పేర్లు ఉంటాయి. ఆ లైటన్ ఆ తర్వాత ఏళ్ళ తరబడి రైనర్ సినిమాలన్నీ కట్ చేశాడు, అది ఊరికే జరగదు.

నాలుగున్నర గంటల నుంచి 82 నిమిషాలకి రావడం అంటే మూడింట రెండొంతుల పైన పోయింది. పోయినదాంట్లో నవ్వు రాని సీన్లు మాత్రమే ఉన్నాయనుకుంటే పొరపాటు, తర్వాత బయటికొచ్చిన డిలీటెడ్ సీన్లు చూస్తే కొన్ని సినిమాలో ఉన్నవాటితో సమానంగా నవ్విస్తాయి. మరి దేని లెక్క ప్రకారం తీశారు?

నాకు కనిపించిన లెక్క ఒకటే. టూర్ ఒక మెట్టు కిందకి దిగితే సీన్ ఉంటుంది, దిగకపోతే ఎంత నవ్వొచ్చినా పోతుంది.

సినిమా మొత్తాన్ని సీన్ కార్డుల్లా గోడకి అంటించుకుని చూడండి. న్యూయార్క్‌లో దిగుతారు, లిమోజిన్ ఉంది, పార్టీ ఉంది. పార్టీలోనే ఆల్బమ్ అట్ట మీద గొడవ మొదలవుతుంది, ఆడవాళ్ళని కించపరిచేలా ఉందని పెద్ద పెద్ద స్టోర్లు దాన్ని అమ్మేది లేదంటాయి. చివరికి అట్ట మొత్తం నల్లగా వస్తుంది, పేరు కూడా లేకుండా. బోస్టన్ షో క్యాన్సిల్ అయిందని మేనేజర్ ఇయాన్ నోరు జారినట్టు చెప్పి, అది పెద్ద కాలేజీ టౌన్ కూడా కాదులే అని సర్దేస్తాడు, హార్వర్డ్, ఎంఐటీ ఉన్న ఏరియా గురించి! ఎవరూ సరిదిద్దరు, కట్. మెంఫిస్‌లో హోటల్ రూముల దగ్గర గొడవ. క్లీవ్‌లాండ్‌లో స్టేజీకి దారి తెలీదు. చికాగోలో రికార్డ్ షాపులో సంతకాలు పెట్టడానికి కూర్చుంటే ఒక్కడంటే ఒక్కడు రాడు. తర్వాత స్టోన్‌హెంజ్, మేనేజర్ వెళ్ళిపోవడం, సియాటెల్ దగ్గర ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో ఆఫీసర్ల డాన్స్ పార్టీ, అక్కడ నైజెల్ గిటార్ వదిలేసి పోవడం, ఆఖరికి స్టాక్‌టన్‌లో ఒక థీమ్ పార్క్, బయట బోర్డు మీద పైన తోలుబొమ్మల షో పేరు, కింద వీళ్ళ పేరు.

ఆడిటోరియం నుంచి తోలుబొమ్మల కింద దాకా, ఒక్కో మెట్టూ మనం చూసేదే, కానీ ఇది దిగజారుడు అని సినిమాలో ఎక్కడా ఎవరూ అనరు. దగ్గరగా వచ్చేది ఒక్కచోట. గత టూర్‌లో 10 వేలు, 15 వేల సీట్ల హాళ్ళు కదా, ఇప్పుడు 1200, 1500 ఏంటి, పాపులారిటీ తగ్గిందా అని మార్టీ అడుగుతాడు, ఇయాన్ ఏమాత్రం తడబడకుండా అబ్బే లేదు, వీళ్ళ అప్పీల్ ఇప్పుడు కాస్త సెలెక్టివ్ అవుతోంది అన్నట్టు చెప్తాడు. ఆ సమాధానం పూర్తవగానే సీన్ అయిపోతుంది. మార్టీ తిరిగి ప్రశ్న వేసి ఇరికించినట్టు షూట్ చేశారో లేదో వేరే విషయం, చేసి ఉన్నా టేబుల్ మీద ఉంచకూడదు. అబద్ధం చెప్పినవాడిని పట్టుకుంటే అది ఇంటర్వ్యూ, పట్టుకోకుండా వదిలేస్తే కామెడీ.

20 ఏళ్ళ ముందు 1964లో బీటిల్స్ తోనే ఒక సినిమా వచ్చింది, ఎ హార్డ్ డేస్ నైట్, రిచర్డ్ లెస్టర్ తీసింది. అదీ ఒక బ్యాండ్ ప్రయాణంలో పడే గందరగోళమే, రైలు, స్టేషన్, హోటల్, టీవీ స్టూడియో. కానీ అక్కడ మొదటి షాట్ నుంచే జనం వెంటపడి తరుముతుంటారు, బ్యాండ్ జనం నుంచి పారిపోవడమే కథకి స్పీడ్ ఇచ్చేది. పైగా దానికి ఆలన్ ఓవెన్ రాసిన స్క్రిప్ట్ ఉంది, ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చిన స్క్రిప్ట్. స్పైనల్ ట్యాప్‌లో తరిమేవాడు లేడు, స్క్రిప్టూ లేదు, కాబట్టి స్పీడ్ ఎక్కడి నుంచో తేవాలి, అందుకే ఊరు మారిన ప్రతిసారీ హాలు చిన్నదవ్వాల్సి వచ్చింది. ఒక టూర్‌కి ఉండే సహజమైన వరస, ఫలానా తేదీన ఫలానా ఊరు అన్న కాగితం, అదే వీళ్ళకి స్క్రీన్‌ప్లే అయింది.

స్టోన్‌హెంజ్ సీక్వెన్స్‌ని కాస్త దగ్గరగా చూద్దాం, నేర్చుకోడానికి ఇంతకంటే మంచిది లేదు. మూడు ముక్కలు. ఒకటి, నైజెల్ పేపర్ న్యాప్‌కిన్ మీద రాయి బొమ్మ గీసి కొలతలు వేస్తాడు. రెండు, తయారుచేసే ఆర్టిస్ట్ ఇయాన్‌కి చూపిస్తుంది, ఆయన నమూనా బాగుంది, అసలుది ఎప్పుడొస్తుంది అంటాడు, ఇదే అసలుది అంటుంది ఆవిడ, కాగితం మీద 18 అంగుళాలు అని ఉంది కదా అని. అడుగులకి వాడే గుర్తు బదులు అంగుళాల గుర్తు పడింది, అంతే. మూడు, స్టేజీ మీద పొగ, నీలి లైటు, ముసుగు వేసుకుని నైజెల్ గంభీరంగా ప్రాచీన కాలం నాటి వింత జాతి మనుషుల గురించి చెప్తుంటే పై నుంచి మోకాలి ఎత్తు కూడా లేని రాయి దిగుతుంది, దాని చుట్టూ పొట్టివాళ్ళిద్దరు డాన్స్.

చాలామంది ఎడిటర్లు, నేనైతే మొదటిసారి నాకే అప్పజెప్పినా బహుశా, రెండో ముక్క తీసేద్దాం అనుకుంటారు. ఎందుకంటే షాక్ స్టేజీ మీద ఉంటే పేలుతుంది అనిపిస్తుంది. వీళ్ళు ఉంచారు. దాంతో రాయి దిగే టైముకి మనకి ముందే తెలుసు, ఇయాన్‌కి తెలుసు, స్టేజీ మీదున్న వాళ్ళకి తెలీదు. షాక్ అయితే ఒక్క నవ్వు, ఒక్క సెకను. ఇలా అయితే పాట మొదలైనప్పటి నుంచి మనం లోపల లోపల నవ్వు ఆపుకుంటూనే ఉంటాం, నైజెల్ ఎంత సీరియస్‌గా పురాణం చదివితే అంత ఎక్కువ. రాయి దిగాక కూడా కెమెరా దాని మీద ఊరికే ఉండదు, డేవిడ్ మొహం, డెరెక్ మొహం, మళ్ళీ రాయి. పాట మాత్రం ఎక్కడా ఆగదు. బీట్ మీద బీట్ పోతూనే ఉంటుంది, ఎందుకంటే స్టేజీ ఎక్కిన బ్యాండ్ ఆపదు కదా.

ముందు చెప్తానన్న పాటల విషయం ఇదే. పాటల్ని వీళ్ళు జోకుల్లా వాయించలేదు, పర్ఫెక్ట్‌గా టైట్‌గా వాయించారు, కావాలని సుతి తప్పించడం, తాళం తప్పించడం ఎక్కడా లేదు. దానివల్ల ఎడిటర్‌కి ఒక గట్టి ట్రాక్ దొరికింది, బొమ్మ ఎంత నాశనమైనా కింద సౌండ్ నిలబడి ఉంటుంది. కామెడీ సీన్‌కి కామెడీ మ్యూజిక్ వేసే అలవాటు ఉన్నవాళ్ళు ఈ ఒక్క పాటని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే చాలు.

ఆ తర్వాత బ్యాక్‌స్టేజ్‌లో గొడవ. విషయాన్ని మరీ పెద్దది చేస్తున్నారు అంటాడు ఇయాన్, పెద్దదే చేసుంటే బాగుండేది కదా అంటాడు డెరెక్. పంచ్ అది. కానీ దానికి ఎవరూ నవ్వరు, గొడవ అలానే సాగుతుంది, డేవిడ్ కోపం తగ్గదు. సెట్లో నవ్వొచ్చిన లైన్ తర్వాత నటులు అరక్షణం ఆగుతారు, నవ్వు కోసం చోటు ఇస్తారు, ఇది ఇంప్రొవైజ్ ఫుటేజ్‌కి ఉండే జబ్బు. ఆ అరక్షణాన్ని కోసేయాలి. నా దగ్గరికి వచ్చే మెటీరియల్‌లో నేను చేసే పనిలో సగం ఇదే, పంచ్ తర్వాత గాలి తీసేయడం, తర్వాతి మాటని జరిపి పంచ్ మీదకి ఎక్కించడం.

మరి ఆంప్లిఫయర్ సీన్‌లో రివర్స్ చేశారే అంటారా? అవును, అక్కడ గాలి తీయలేదు, ఉన్నదంతా ఉంచారు. నైజెల్ తన ఆంప్ చూపిస్తాడు, అందరి ఆంప్‌కి నాబ్ మీద 10 దాకా ఉంటే దీనికి 11 దాకా ఉంది, అంటే ఒకటి ఎక్కువ సౌండ్ కదా అని. మరి ఆ 10నే ఇంకాస్త గట్టిగా వచ్చేలా చేసి 10 తోనే ఆపొచ్చుగా అంటాడు మార్టీ. అప్పుడు నైజెల్ ఆగిపోతాడు. కెమెరా ఆ మొహం మీదే ఉంటుంది, ఏదో లెక్క వేస్తున్నట్టు, ప్రశ్న లోపలికి పోయి తలుపు దొరక్క తిరుగుతున్నట్టు, తర్వాత నింపాదిగా ఇవి పదకొండు దాకా పోతాయి అని మళ్ళీ అదే చెప్తాడు. అక్కడ మార్టీ మొహానికి ఒక కట్‌అవే వేసుంటే, అంటే మధ్యలో అటు వెళ్ళొచ్చుంటే, సీన్ చచ్చేది. తేడా ఏంటంటే, బ్యాక్‌స్టేజ్ సీన్‌లో ఆగింది నటుడు, ఇక్కడ ఆగింది క్యారెక్టర్. నటుడు ఆగితే కోయాలి, క్యారెక్టర్ ఆగితే చెయ్యి వెనక్కి పెట్టుకుని కూర్చోవాలి. రష్ చూసేటప్పుడు ఈ రెండిటినీ విడదీయడం వస్తే సగం కామెడీ ఎడిటింగ్ వచ్చినట్టే, మిగతా సగం సౌండ్.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క, మామూలుగా చూసేవాళ్ళు గమనించరు కూడా. సినిమా మొదటి భాగంలో నైజెల్ పెదవి మీద పుండు కనిపిస్తుంది, డేవిడ్‌కీ ఉంటుంది. ఎందుకో ఎవరూ చెప్పరు. అసలు సంగతి, షూట్ చేసినప్పుడు దీనికి పెద్ద కథే ఉంది, టూర్‌లో వీళ్ళకి ముందు ఆడే ఒక బ్యాండ్, ఆ బ్యాండ్ సింగర్ అమ్మాయి, ఆమెతో ఒకరి తర్వాత ఒకరు, అలా హెర్పిస్ అనే అంటుజబ్బు పాకడం. ఆ ట్రాక్ మొత్తం ఎత్తేశారు. కానీ పుళ్ళున్న షాట్లు ఉంచాల్సి వచ్చింది, ఎందుకంటే ఆల్బమ్ అట్ట గొడవ ఆ షాట్లలోనే ఉంది, అది లేకుండా కథ నడవదు.

మామూలు సినిమాలో అయితే ఇది కంటిన్యుటీ తప్పు, ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి. ఇక్కడ చూడండి ఏం జరిగిందో. వీళ్ళు చాలా సీరియస్‌గా అట్ట మీద వాదిస్తుంటారు, ఇద్దరి మూతి మీదా ఒకే పుండు, ఎవరూ దాని ఊసెత్తరు, కెమెరా కూడా జూమ్ చేయదు. కారణం చూపించి ఉంటే అది ఒక బూతు జోకు, ఒకసారి నవ్వి మర్చిపోయేది. కారణం తీసేశాక అది నిజం అయిపోయింది, డాక్యుమెంటరీలో ఎవరి మూతి మీద ఏ పుండు ఎందుకుందో ఎవడు చెప్తాడు? క్లైంట్లు ఇది అర్థం కాదేమో, ఒక లైన్ పెడదాం అన్నప్పుడల్లా నేను ఈ పుళ్ళ గురించి చెప్తాను. కొంతమంది ఒప్పుకుంటారు, కొంతమంది లైన్ పెట్టిస్తారు.

బ్యాండ్ డ్రమ్మర్ల చావుల విషయం కూడా ఇదే దారిలో ఉంటుంది. ఒకడు తోటపనిలో జరిగిన వింత ప్రమాదంలో పోయాడు, ఒకడు వాంతి అడ్డుపడి పోయాడు, ఆ వాంతి అతనిది కాదు, ఒకడు స్టేజీ మీదే తనంతట తాను కాలిపోయాడు. ఏదీ చూపించరు, మాటల్లోనే, అదీ పాత స్నేహితుడి గురించి మాట్లాడే గొంతుతో. ఆఖర్లో ఒక్కడిది మాత్రం చూపిస్తారు, అది నాకు అంత ఎక్కదు, చెప్పినంత బలం చూపించినదానికి లేదు అనిపిస్తుంది. కానీ క్లోజింగ్‌కి ఒక పేలుడు కావాలి అనుకుని ఉంటారు, అర్థం చేసుకోగలను.

క్లీవ్‌లాండ్ సీన్ గురించి ఒక్క మాట. బ్యాండ్ డ్రెస్సింగ్ రూమ్ నుంచి బయల్దేరి స్టేజీ కింద కారిడార్లలో తప్పిపోతుంది, పై నుంచి జనం అరుపులు వినపడుతుంటాయి, వీళ్ళు మూల తిరిగిన ప్రతిసారీ హలో క్లీవ్‌లాండ్ అని అరుస్తూ ఊపు తెచ్చుకుంటుంటారు, పనివాడిని దారి అడిగి ఆయన చెప్పినట్టే పోయి మళ్ళీ ఆయన దగ్గరికే వస్తారు. పైన ఎదురుచూస్తున్న జనానికి ఒక్క కట్ కూడా లేదు. పారలల్ కట్ వేయాలని, అంటే కింద వీళ్ళనీ పైన జనాన్నీ మార్చి మార్చి చూపించాలని, చెయ్యి లాగే చోటు అది, వేయలేదు. ఎందుకంటే మన కెమెరా వీళ్ళతో ఉంది, వీళ్ళు తప్పిపోతే మనమూ తప్పిపోయినట్టే. డాక్యుమెంటరీ అని చెప్పుకున్నాక ఒక్క కెమెరా ఎక్కడుండగలదో అక్కడి షాట్లే వాడాలి అన్న రూల్ ఇలాంటి చోట్లే పరీక్షకొస్తుంది. కాన్సర్ట్ సీన్లలో మాత్రం వాళ్ళే కొంచెం సడలించారు, చాలా యాంగిల్స్ ఉంటాయి, కానీ కాన్సర్ట్ ఫిల్ముల్లో మల్టీ కెమెరా మామూలే కాబట్టి కళ్ళకి అడ్డురాదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. డేవిడ్ గర్ల్‌ఫ్రెండ్ జీనీన్ ట్రాక్ నాకు ఎప్పుడు చూసినా పల్చగా అనిపిస్తుంది. బ్యాండ్ మధ్యలోకి ఆడమనిషి వచ్చి విడగొట్టింది అన్న పాత కథనే వాడుకున్నారు, జాతకాలు చూసి టూర్ నడపడం, డాల్బీ అనే సౌండ్ టెక్నాలజీని డాబ్లీ అనడం, అంతకు మించి ఆమెకేమీ లేదు. మిగతా అందరికీ ఒక్క క్షణమైనా జాలి కలిగే షాట్ ఉంది, లిమో డ్రైవర్‌కి కూడా ఉంది, సింగర్ సినాట్రా గురించి చెప్పుకుంటుంటే మొహం మీదే అద్దం ఎత్తేస్తారు పాపం. జీనీన్‌కి లేదు. తీసినదాంట్లో లేదో తీసేసినదాంట్లో పోయిందో గానీ, ఆమె మీద ఇంకో పది సెకన్లు ఉండి ఉంటే నైజెల్ వెళ్ళిపోయే సీన్ ఇంకా గట్టిగా తగిలేది.

టైటిల్స్‌లో రైటర్లుగా ఎవరి పేర్లు వేయాలి అన్న విషయంలో ఒక చిక్కు వచ్చింది. డైలాగులు అందరూ అప్పటికప్పుడు అన్నవే కాబట్టి నటులందరికీ రైటింగ్ క్రెడిట్ ఇద్దాం అనుకున్నారు, అక్కడి రచయితల సంఘం రైటర్స్ గిల్డ్ ఒప్పుకోలేదు, నలుగురికే పడింది, రైనర్, గెస్ట్, మెక్‌కీన్, షియరర్. ఇలాంటి ప్రాజెక్టులు చేసేవాళ్ళు ఈ మాట ముందే కాగితం మీద పెట్టుకోవడం మంచిది. డబ్బు సంగతి ఇంకా దారుణం, 2016లో షియరర్ కోర్టుకెళ్ళినప్పుడు చెప్పిన లెక్క ప్రకారం 1984 నుంచి 2006 దాకా మర్చండైజ్ మీద సృష్టికర్తలు నలుగురికీ కలిపి చూపించిన వాటా 81 డాలర్లు, 1989 నుంచి పాటల మీద 98 డాలర్లు. తర్వాత సెటిల్ అయింది లెండి.

రిజల్ట్ సంగతి. డల్లాస్‌లో ప్రివ్యూ వేస్తే జనానికి అర్థం కాలేదని, ఎవరికీ తెలీని ఇంత చెత్త బ్యాండ్ మీద సినిమా ఎందుకు తీశారు, ఏ బీటిల్స్ మీదో తీయొచ్చుగా అన్నారని రైనర్ చాలా ఇంటర్వ్యూల్లో చెప్పాడు. క్లైంట్ పక్కన కూర్చుని ఉండగా ఇలాంటి ఫీడ్‌బ్యాక్ వస్తే మనలో చాలామంది రాత్రికి రాత్రి ఒక వాయిస్ ఓవర్ పెట్టేసి ఇది కామెడీ అని చెప్పేస్తాం. వీళ్ళు అలాంటిది ఏదీ సినిమాలో పెట్టలేదు. థియేటర్లో ఓ మోస్తరుగా ఆడింది, తర్వాత వీడియో క్యాసెట్ల మీద పాకింది, ముఖ్యంగా నిజం బ్యాండ్ల మధ్య. టూర్ బస్సుల్లో ఇది చూడని రాకర్ లేడన్నట్టు అయిపోయింది, కొంతమంది నవ్వలేకపోయారు కూడా, మా కథే కదా ఇది అని. బ్లాక్ శబ్బత్ అనే నిజం మెటల్ బ్యాండ్ 1983 టూర్‌కి స్టోన్‌హెంజ్ సెట్ చేయిస్తే హాళ్ళలో పట్టనంత పెద్దది వచ్చింది, సినిమా దాన్నే ఎగతాళి చేసింది అనుకుంటారు చాలామంది, కానీ స్టోన్‌హెంజ్ ఐడియా వీళ్ళ డెమోలోనే, అంతకు ముందే ఉంది. మిల్వాకీలో షాంక్ హాల్ అనే వేదిక సినిమాలో కల్పితం, 1989లో అదే ఊళ్ళో అదే పేరుతో నిజం హాలు తెరిచారు. 2002లో ఈ సినిమాని అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో, అంటే భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో చేర్చారు.

నా పనిలో దీన్ని వాడుకునే పద్ధతి మరీ గొప్పదేం కాదు. ఇంప్రొవైజ్ మెటీరియల్ రాగానే జోకుల లిస్ట్ రాయను, మొదట ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నారు, పోయే కొద్దీ ఏం పోగొట్టుకుంటున్నారు అన్నది రాసుకుంటాను. ఆ గీత మీద నిలబడని సీన్లు ఒక పక్కన వేరే టైమ్‌లైన్‌లో పెడతాను, పారేయను. దీనికీ ఆధారం ఈ సినిమానే. టూర్‌లో ఎక్కడా ఇమడని ఇంటర్వ్యూ ముక్కలు కొన్ని వీళ్ళ దగ్గర మిగిలాయి, బాగున్నాయి, కానీ కథ మధ్యలో పెడితే ల్యాగ్. వాటిని ఎండ్ టైటిల్స్ మీద వేశారు. అప్పటికి కథ అయిపోయింది కాబట్టి అవి దేన్నీ ఆపవు. రాక్ స్టార్ కాకపోయుంటే ఏం చేసేవాడివి అని అడిగితే నైజెల్ టోపీల షాపులో సేల్స్‌మన్‌గా చేస్తానేమో అని, ఏ సైజు వేసుకుంటారు సార్ అని నటించి కూడా చూపిస్తాడు, అది చేస్తూ హ్యాపీగా ఉంటావా అంటే ఏమో తెలీదు, డ్యూటీ టైమింగ్స్ ఏంటి అంటాడు.